ఆర్‌ఎక్స్ 100 కొన్నారా? మొదట బ్రేకులు విప్పి చూడండి

మా చిత్తూరులో పాత యమహా ఆర్‌ఎక్స్ 100 చేతికి రాగానే మొదట సైలెన్సర్ మారుస్తారు, తర్వాత ట్యాంకుకు పెయింట్. దయచేసి ఆ డబ్బులో కొంత అన్నిటికన్నా మొదట బ్రేకులకు పెట్టండి. 1985లో మొదలై 1996 దాకా వచ్చిన బండి ఇది, ఎంత చివర్లో వచ్చిన బండైనా దాదాపు 30 ఏళ్లు నిండినట్టే. ఆ 98 సీసీ ఇంజను ఇప్పటికీ పరుగెత్తుతుంది, దాన్ని ఆపాల్సింది మాత్రం ముందూ వెనకా ఉన్న 130 మిల్లీమీటర్ల చిన్న డ్రమ్ములే.

నాకు ఈ సంగతి మొగిలి ఘాట్‌లో తెలిసింది. పలమనేరు నుంచి ఇద్దరం వస్తూ, రెండు బ్రేకులూ వదలకుండా పట్టుకునే దిగాను. సగం దిగేసరికి ముందు లివర్ హ్యాండిల్‌కి తగులుతోంది, బండి మాత్రం ఆగట్లేదు, వెనకాల లారీ. రెండో గేరుకి దించి ఎలాగో పక్కకు తీశాను. ఇంటికొచ్చి విప్పితే బ్రేక్ షూలు, అంటే డ్రమ్ము లోపల రాసుకుని చక్రాన్ని ఆపే రెండు ముక్కలు, వేడికి నున్నబడి పట్టు పోయి అద్దంలా మెరుస్తున్నాయి.

ముందు చక్రం ఊడదీయడం కష్టమేం కాదు. మెయిన్ స్టాండ్ వేసి, ఇంజను కింద చెక్కదిమ్మ పెట్టి, కేబుల్ వదులు చేసి యాక్సిల్ లాగితే చక్రం కిందికి వస్తుంది, బ్రేక్ ప్లేటు షూలతో సహా చేతికొస్తుంది. లోపలి దుమ్మును నోటితోగానీ గాలితోగానీ ఊదొద్దు, పాత లైనింగుల్లో (షూల మీది రాపిడి పొరల్లో) ఊపిరితిత్తులకు హాని చేసే ఆస్‌బెస్టాస్ ఉండొచ్చు, తడిగుడ్డతో తుడవండి. లైనింగ్ 2 మిల్లీమీటర్లకు అరిగితే రెండు షూలూ స్ప్రింగులతో కలిపి మార్చేయాలి. మందం ఉండి పైన మెరుపు మాత్రమే ఉంటే ఎమ్రీ పేపరుతో తేలిగ్గా రుద్దితే చాలు. గ్రీజు పీల్చుకున్న షూ ఎంత కడిగినా పనికిరాదు. అది మార్చి, గ్రీజు ఎక్కణ్ణుంచి వచ్చిందో కూడా చూడండి, ఎక్కువగా చక్రం బేరింగు పక్కనున్న ఆయిల్ సీల్ పోయి ఉంటుంది. కొత్తవి కొనేటప్పుడు పాత షూ పట్టుకెళ్లి పక్కన పెట్టి చూసుకోండి, డూప్లికేట్లు చాలా తిరుగుతున్నాయి.

బ్రేకు పట్టగానే తిరిగి షూలను డ్రమ్ము మీదికి తోసే క్యామ్ గురించి ఎవరూ పట్టించుకోరు. అది తుప్పుపట్టి బిగుసుకుంటే షూలు కొత్తవైనా బ్రేకు పట్టదు, పట్టినా వదలదు. కేబుల్ తగిలే బయటి లివర్‌కి, క్యామ్‌కి ఒక గుర్తు గీసుకుని విప్పి, తుప్పు గీకి, పల్చగా గ్రీజు రాయండి, లైనింగుకు అంటకూడదు. ఆ లివర్‌ను క్యామ్ మీద ఒక పంటి మేర జరిపి బిగించి "బ్రేకు వచ్చేసిందన్నా" అనే మెకానిక్కులున్నారు, అది అరిగిన షూలను కప్పిపుచ్చడమే. బ్రేకు పూర్తిగా పట్టినప్పుడు కేబుల్‌కీ ఆ లివర్‌కీ మధ్య కోణం 90 డిగ్రీలు దాటుతుంటే షూల పని అయిపోయినట్టు.

తిరిగి బిగించేటప్పుడు ఒక్కటి మాత్రం రెండుసార్లు చూడండి. బ్రేక్ ప్లేటు మీది గాడిలో ఫోర్కు కాలి (చక్రం పక్కన కిందికి దిగే గొట్టం) మీద పొడుచుకొచ్చిన ముక్క సరిగ్గా కూర్చోవాలి. కూర్చోకపోతే బ్రేకు వేయగానే ప్లేటు చక్రంతోపాటు తిరిగి, చక్రం లాక్ అయి మనిషి ఎగిరిపడతాడు. అది చూసుకున్నాక చక్రం తిప్పి, బ్రేకు గట్టిగా పట్టుకునే యాక్సిల్ నట్టు బిగించండి, షూలు డ్రమ్ము మధ్యలోకి సర్దుకుంటాయి. ముందు లివర్‌కి 5 నుంచి 8, వెనక పెడల్‌కి 20 నుంచి 30 మిల్లీమీటర్ల ఆట, అంటే బ్రేకు పట్టకముందు ఖాళీగా కదిలే దూరం, ఉండాలి. చైన్ బిగించిన ప్రతిసారీ వెనక చక్రం జరుగుతుంది కాబట్టి ఆ ఆట మళ్లీ చూసుకోవాలి, బ్రేక్ లైటు వెలుగుతోందో లేదో కూడా.

ఇక మొగిలి అయినా భాకరాపేట అయినా ఘాట్ దిగేటప్పుడు బ్రేకు పట్టుకునే ఉండకండి, నొక్కి వదలండి, మళ్లీ నొక్కండి, డ్రమ్ము చల్లబడాలి. ఇది టూ స్ట్రోక్ బండి, యాక్సిలరేటర్ వదిలినా ఇంజను పెద్దగా పట్టి ఆపదు, అయినా చిన్న గేరులోనే దిగాలి. ఆయిల్ పంపు యాక్సిలరేటర్‌తో ముడిపడి ఉంటుంది గనక పూర్తిగా మూసేసి కిలోమీటర్లు దిగితే పిస్టన్‌కి ఆయిల్ చాలదు, మధ్యమధ్యలో క్లచ్ పట్టి ఒకసారి రేజ్ చేయండి. వానలో తడిసినా, బండి కడిగినా, బయల్దేరగానే ఖాళీ రోడ్డు మీద నెమ్మదిగా పోతూ నాలుగుసార్లు బ్రేకు తేలిగ్గా పట్టి డ్రమ్ములు ఆరాకే వేగం పెంచండి.