ఇంటిపేరు మారిన చుట్టాన్ని పాత కాగితాల్లో పట్టుకోవడం ఎలా?

ఒడిశాలోని మా బరంపురం, పర్లాకిమిడి వైపు ఈ మధ్య చాలామంది వంశవృక్షం గీస్తున్నారు, సంతోషమే. కానీ పేరు కలిస్తే చాలు తెచ్చి కొమ్మకి తగిలించేస్తున్నారు. అది చూస్తే నాకు ప్రాణం ఉసూరుమంటుంది. పదిహేనేళ్లుగా మా ఇంటిదీ, అడిగినవాళ్లదీ చేసిపెడుతున్నాను కాబట్టి చెబుతున్నా.

కావలసినవి పొడుగు రూళ్ల పుస్తకం, పెన్సిల్, ఫోను. పెన్ను వద్దు, ప్రతి పేరూ ఒక్కసారైనా చెరపాల్సి వస్తుంది.

ముందు ఇంట్లో ముసలివాళ్లని అడగండి, అదీ ఆడవాళ్లని. మగవాళ్లు పొలం గట్ల తగాదా దగ్గరే ఆగిపోతారు. ఏ పెళ్లిలో ఎవరు అలిగారో, ఎవరి పురుడు ఎక్కడ పోశారో గుర్తుండేది అమ్మమ్మలకీ అత్తలకీ. తర్వాత పాత శుభలేఖలు, తద్దినం పెట్టించే పురోహితుడు. మూడు తరాల పేర్లు ఆయన నోట్లోనే ఉంటాయి.

పాత కాగితంలో గంజాం జిల్లా అని కనిపిస్తే వలస కథలు అల్లకండి. 1936 ఏప్రిల్ 1న ఒడిశా ఏర్పడేదాకా గంజాం మద్రాసు ప్రెసిడెన్సీలోది, శ్రీకాకుళం కూడా ఆ గంజాం జిల్లాలోదే. ఇప్పుడు పర్లాకిమిడి ఉన్న గజపతి జిల్లా అయితే 1992 దాకా లేనే లేదు.

ఆ తర్వాత ఒడిశా ప్రభుత్వ భూమి రికార్డులుండే భూలేఖ్ సైట్‌లో జిల్లా, తహసీల్, ఊరు ఎంచుకుని రైతు పేరుతో వెతకండి.

ఇక్కడే అందరూ బోల్తా పడతారు. రికార్డు ఒడియాలో ఉంటుంది. ఒడియాలో మన వ మామూలుగా బ అయిపోతుంది, వెంకటస్వామి బెంకటస్వామి అవుతాడు. ఎ, ఏ తేడా ఉండదు, ఒ, ఓ తేడా ఉండదు. అందుకని దొరకలేదని వదిలేయకండి, అన్ని రకాలుగానూ వెతికి చూడండి. దొరికిందని ఎగరకండి కూడా, ఎందుకంటే మనవాళ్లు తాత పేరు మనవడికి పెడతారు, ఒకే ఊళ్లో ఒకే పేరుతో ముగ్గురు ఉంటారు. పేరు పక్కన పి: అని ఉంటే తండ్రి, జా: అంటే కులం, బా: అంటే నివాసం. ఆ మూడూ చదవకుండా పుస్తకంలో ఒక్క గీత కూడా గీయొద్దు. నా లెక్కలో పేరు సాక్ష్యమే కాదు. తండ్రి, ఊరు, ఇలవేల్పు కలవాలి.

అయితే తండ్రి పేరు కలవనంత మాత్రాన కొట్టేయడమూ తప్పే, ఆ తప్పు నేనే చేశాను. మా చిన్న తాత రంగం (బర్మాలోని రంగూన్) పోయి యుద్ధంలో పోయాడనే మా ఇంట్లో అందరి నమ్మకం. పర్లాకిమిడి దగ్గర ఒక భూమి ఖాతాలో ఆయన పేరు కనిపించింది, కానీ ఇంటిపేరు వేరు, తండ్రి వేరు. ఎవరో అనుకుని రెండేళ్లు పక్కన పడేశాను. తర్వాత అదే భూమి క్రయ దస్తావేజు నకలు తీయిస్తే పేరు ముందు 'పోష్యపుత్ర' అని ఉంది, అంటే దత్తపుత్రుడు. దాని కిందే కన్నతండ్రి పేరు, మా ముత్తాతది! మనిషి రంగం నుంచి తిరిగొచ్చి, పిల్లల్లేని ఇంటికి దత్తత వెళ్లాడు.

సరిగ్గా అప్పుడే ఆ ఇంటి పిల్లని మా అన్నయ్య కొడుక్కి చూస్తున్నారు. ఇంటిపేరు వేరు, గోత్రం వేరు, జాతకాలు కుదిరాయి. తీరా చూస్తే ఆ అమ్మాయి చిన్న తాత మునిమనవరాలు, మావాడికి వరసకి చెల్లెలు. పెళ్లిచూపులకి నాలుగు రోజుల ముందు ఆపించాను. ఇప్పుడు కొంతమంది ఉమ్మి పంపి డీఎన్ఏ టెస్టులు చేయిస్తున్నారు, అవతలివాళ్లు కూడా చేయించుకుంటే తప్ప అందులో ఎవరూ దొరకరు. దస్తావేజు నకలుకి అవతలివాళ్లతో పని లేదు.

కాబట్టి దత్తత అనుమానం ఉంటే పోష్యపుత్ర అనే మాట కోసం దస్తావేజు మొత్తం చదివించండి, ఒడియా బాగా వచ్చినవాళ్లతోనే. ఆ తర్వాత ఫోన్ చేయకుండా వాళ్లింటికి స్వయంగా వెళ్లండి. నకలు వెంటనే బయటికి తీయకండి, ఆస్తి కోసం వచ్చారనుకుంటారు. ముందు ఇలవేల్పు ఎవరని అడగండి. నేను అడిగితే చిన్న తాత కొడుకు, నాకు బాబాయి వరస, మా అమ్మవారి పేరే చెప్పాడు. వాళ్ల నాన్న గోత్రం మారినా ఏటా ఆ తల్లికి ఘటం పెట్టడం మానలేదట. అప్పుడు నకలు తీసి చూపించాను. బాబాయి కళ్లజోడు తుడుచుకుని రెండుసార్లు చదివి, నా పుస్తకం, పెన్సిల్ అడిగి తీసుకుని, వాళ్ల నాన్న పేరుకి రెండు ఇంటిపేర్లూ తనే రాశాడు, ఒకటి తెలుగులో, ఒకటి ఒడియాలో.