ఏం అల్లాలో తోచట్లేదా? ముందు ఎవరికో అనుకోండి

క్రోషా సూదీ ఊలూ కొనుక్కుని గుమ్మానికి రెండు తోరణాలు, సోఫాకి ఒక కవరు అల్లేశాక "ఇంకేం చెయ్యాలో తోచట్లేదండీ" అనేవాళ్ళు బోలెడు మంది. అప్పుడు ఫోన్ తీసి పింటరెస్ట్‌లో గంటలు గంటలు బొమ్మలు చూస్తారు, వందల డిజైన్లు సేవ్ చేస్తారు, సూది మాత్రం కదలదు. నేనైతే ఒకటే చెప్తాను, డిజైన్ తర్వాత వెతుకుదురు గానీ ముందు మనిషిని అనుకోండి. ఎవరికి, ఎందుకు అన్నది తేలిపోతే దారం ఏంటి, రంగు ఏంటి, సైజు ఎంత అన్నవి ఒకదాని వెనక ఒకటి తేలిపోతాయి.

పుట్టిన బిడ్డల టోపీలే తీసుకోండి. చలికాలంలో అరకు, లంబసింగి, ఆదిలాబాద్ వైపు చలి ఎలా ఉంటుందో తెలిసిందే కదా, పసిబిడ్డకి ఒంటితో పోలిస్తే తల పెద్దది, అక్కణ్ణుంచే వేడి బాగా పోతుంది. తల చుట్టుకొలత దాదాపు 33-35 సెంటీమీటర్లు ఉంటుంది, టోపీ 29-30 అల్లితే చాలు, ఇది క్రోషా కాదు, రెండు సూదుల అల్లిక, అందులో నిట్ (సూటి కుట్టు), పర్ల్ (తిరుగు కుట్టు) మార్చి మార్చి వేసే రిబ్ సాగుతుంది కాబట్టి తలని పట్టుకుని ఉంటుంది. 4 ఎంఎం సూదుల మీద మీకు 10 సెంటీమీటర్లకి 22 కుట్లు వస్తున్నాయంటే 64 కుట్లు వేసుకుని, రెండు నిట్ రెండు పర్ల్ చొప్పున 14-15 సెంటీమీటర్ల పొడవు అల్లి, పైన దారంతో దగ్గరికి లాగేసి పక్క కుట్టేయండి. గుండీలు, పూసలు, కట్టుకునే తాళ్ళు, పైన ఊలు బంతి ఏవీ వద్దు, పసిపిల్లల నోట్లోకో మెడకో వెళ్ళే వస్తువు ఏదీ ఉండకూడదు. గుచ్చుకునే ఊలు, నూగు రాలే ఊలు కూడా వద్దు. ఇంకో మాట, అల్లడం మొదలుపెట్టకముందే దగ్గర్లో ఉన్న ఆసుపత్రికి వెళ్ళి ప్రసూతి వార్డులో సిస్టర్‌ని అడగండి, తీసుకుంటారా, ఎన్ని కావాలి, ఎలా ఉతికి ఇవ్వాలి అని. నెలలు నిండని బిడ్డల కోసం డెన్మార్క్‌లో 2013లో మొదలైన, క్రోషేతో అల్లే ఆక్టోపస్ బొమ్మలున్నాయి చూశారా, వాటికైతే కాళ్ళ పొడవు, నూలు రకం, ఉతికే వేడి అన్నిటికీ రూల్స్ ఉన్నాయి, డాక్టర్లు సరే అంటేనే చెయ్యాలి. ముద్దుగా ఉందని అల్లేసి తీసుకెళ్తే వాళ్ళు పక్కన పెట్టేస్తారు, మీ శ్రమ వేస్ట్.

రొమ్ము క్యాన్సర్ ఆపరేషన్ అయినవాళ్ళ కోసం, తీసేసిన రొమ్ము చోట బ్రాలో పెట్టుకునే కృత్రిమ రొమ్ములు అల్లడం నా మనసుకి ఇంకా దగ్గరి పని. సిలికాన్‌వి బరువుగా ఉంటాయి, ఖరీదూ ఎక్కువే, మన ఎండలకి లోపల చెమట పట్టి చర్మం ఒరుసుకుపోతుంది. మెత్తటి కాటన్ నూలుతో అల్లి లోపల ఫైబర్ నింపినవి తేలిగ్గా ఉంటాయి, ఉతుక్కోవచ్చు. నిటెడ్ నాకర్స్ ఇండియా వాలంటీర్లు ఇవి అల్లి అడిగినవాళ్ళకి ఉచితంగా ఇస్తారు, ఏ నూలు వాడాలో ఏ ప్యాటర్న్ వాడాలో వాళ్ళే చెప్తారు, అది కచ్చితంగా పాటించండి, ఎందుకంటే అది ఆపరేషన్ గాటు మీద ఆనే వస్తువు, ఒక్క ముడి గరుగ్గా ఉన్నా ఆవిడకి రోజంతా గుచ్చుకుంటుంది.

సరే, మనిషి దొరికారు, మరి డిజైన్? బయటికెళ్ళక్కర్లేదండీ, వాకిట్లోనే ఉంది. ఎదురు చుక్కల ముగ్గుని గళ్ళ కాగితం మీద దించండి, అదే ఫిలే క్రోషే, అంటే ఖాళీ గళ్ళూ నిండు గళ్ళూ కలిపి బొమ్మ తెచ్చే క్రోషే, దాని చార్ట్. ఖాళీ గడి అంటే ఒక డబుల్ క్రోషే (సూదికి ఒకసారి దారం చుట్టి వేసే నిలువు కుట్టు), రెండు చెయిన్లు (గొలుసు కుట్లు), నిండు గడి అంటే ఆ రెండు చెయిన్ల చోట కూడా డబుల్ క్రోషేలే. 11 గళ్ళ ముగ్గు అనుకుంటే పదకొండు మూళ్ళు 33, ఇంకో 3 కలిపి 36 చెయిన్లు వేసి సూది దగ్గర్నుంచి నాలుగో చెయిన్లో మొదటి డబుల్ క్రోషే వెయ్యండి, మొదటి వరస మొత్తం నిండుగా అల్లితే అంచు గట్టిగా నిలబడుతుంది, రెండో వరస నుంచి ముగ్గు మొదలు. మెలికల ముగ్గు మాత్రం గళ్ళలో ఇమడదు, దాన్ని బట్ట మీద గొలుసుకుట్టుతో కుట్టుకోండి, అందంగా వస్తుంది.

రంగులకి బతుకమ్మని చూడండి. తంగేడు పసుపు వరస, గునుగు వరస, బంతి వరస, ఒకదాని మీద ఒకటి గుండ్రంగా. రౌండు మాట్‌కి అది రెడీమేడ్ ప్లాన్. మొదటి రౌండు 12 డబుల్ క్రోషేలు, తర్వాత 24, 36, 48, అంటే ప్రతి రౌండుకీ 12 పెరగాలి, ఒక్కో రౌండు ఒక్కో రంగు. అంచు అలలు అలలుగా లేస్తుంటే ఎక్కువ పెంచుతున్నారని, గిన్నెలా ముడుచుకుంటుంటే తక్కువ పెంచుతున్నారని అర్థం.

అల్లిక రాదు, కుట్టే వచ్చు అనేవాళ్ళకి బొంత ఉంది. పాత కాటన్ చీరలు, ఉతికి ఉతికి మెత్తబడ్డవి, నాలుగైదు మడతలు పరిచి వరసగా నడక కుట్టు వేసుకుంటూ పోవడమే. 1999లో మొదలైన గూంజ్ సంస్థ పాత బట్టల్ని ఇలాంటి వాడకానికే తెస్తుంది, పనికొచ్చేవి పల్లెలకి పంపి, తొడుక్కోడానికి పనికిరానివాటితో పరుపు దుప్పట్లు, శానిటరీ ప్యాడ్లు కుట్టిస్తుంది. మీ బీరువాలో అడుగున పడున్న చీరలు ఒకసారి బయటికి తియ్యండి.

ఒక్కళ్ళే కూర్చుంటే విసుగొస్తుంది అనుకుంటే పక్కింటి వాళ్ళని కలుపుకోండి, తలో గ్రానీ స్క్వేర్, అంటే మధ్య నుంచి అల్లే చదరపు క్రోషే ముక్క, అల్లినా దుప్పటి అవుతుంది. మదర్ ఇండియాస్ క్రోషే క్వీన్స్ అనే ఆడవాళ్ళ బృందం 2016 జనవరిలో చెన్నైలో 11 వేల చదరపు మీటర్ల పైన ఉన్న క్రోషే దుప్పటి పరిచి గిన్నిస్ రికార్డు కొట్టింది, తర్వాత దాన్ని విడదీసి దుప్పట్లుగా అవసరమైనవాళ్ళకి ఇచ్చేశారు. ఎవరింట్లో వాళ్ళు కూర్చుని అల్లిన ముక్కలే అవన్నీ. మీరు అలా చేసేటప్పుడు ఒక్కటి చూసుకోండి, అందరూ ఒకే నూలు, ఒకే నంబర్ సూది వాడాలి, లేకపోతే కలిపేటప్పుడు ఒక ముక్క పెద్దదీ ఒకటి చిన్నదీ అయ్యి దుప్పటి వంకర తిరుగుతుంది.

ఇక నర్సాపురం సంగతి చెప్పకుండా ఉండలేను. పశ్చిమ గోదావరిలో ఆ చుట్టుపక్కల ఊళ్ళలో తరాలుగా ఆడవాళ్ళు లేసు అల్లుతున్నారు, 2024లో నర్సాపురం క్రోషే లేసుకి జీఐ, అంటే ఆ ప్రాంతం సరుకు అని చెప్పే భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. కానీ 1970ల చివర్లో మరియా మీస్ అనే జర్మన్ సామాజిక శాస్త్రవేత్త అక్కడ ఉండి చూసింది ఏంటంటే, విదేశాలకి ఎగుమతయ్యే సరుకు అల్లుతున్న ఆ ఆడవాళ్ళ పనిని "ఇంట్లో ఖాళీగా కూర్చుని చేసుకునే పని" అని లెక్కగట్టి చాలా తక్కువ కూలి ఇస్తున్నారని. మనకి కాలక్షేపం, వాళ్ళకి కూడు. క్రోషేని అచ్చంగా అల్లే మిషన్లు ఫ్యాక్టరీల్లో లేవు, కాబట్టి షాపులో మీకు కనిపించే అసలైన క్రోషే ముక్క ఏదైనా ఎవరో ఒకామె చేతి పనే. టేబుల్ క్లాత్ కొనేటప్పుడు బేరం మొదలుపెట్టే ముందు అలాంటి ఒక్క పువ్వు మీరు అల్లి చూడండి, ఎంతసేపు పట్టిందో గడియారం చూసుకోండి, దాన్ని ఆ క్లాత్‌లో ఉన్న పువ్వులతో గుణించండి. వీలైతే మహిళా సంఘాల దగ్గర, అల్లినవాళ్ళ దగ్గరే నేరుగా కొనండి, ఆ డిజైన్ నచ్చితే నేర్పమని అడగండి, నేర్పినందుకు డబ్బులు కూడా ఇవ్వండి.