రొయ్య పడని వాళ్లకి సంక్రాంతి జాగ్రత్తలు

మా భీమవరం వైపు కనుమ రోజు ఎవరింటికెళ్లినా రొయ్య తినకుండా లేవనివ్వరు. మా తమ్ముడికి రొయ్య పడదు. నాలుగేళ్ల కిందట వాడు రొయ్యల వేపుడు జోలికే పోలేదు, కోడికూర మాత్రమే తిన్నాడు. పది నిమిషాల్లో పెదాలు వాచాయి, ఒంటినిండా దద్దుర్లు, గొంతు బొంగురుపోయింది. తీరా చూస్తే, వేపుడులో తిప్పిన గరిటెతోనే కోడికూర వడ్డించాం.

అసలు చిక్కు ‘పడదు’ అనే మాటతోనే. పాలు తాగితే కడుపుబ్బరం వచ్చినా పడదంటాం. అది పాలలోని చక్కెర అరగకపోవడం, ఇబ్బందే గానీ ప్రాణం మీదకి రాదు. అలర్జీ అలా కాదు. రొయ్యలోని ట్రోపోమయోసిన్ అనే ప్రొటీన్‌ని ఒళ్లు శత్రువనుకుని తిరగబడుతుంది. అందుకే భోజనానికి పిలిచినవాళ్లకి “పడదండి” అని ఊరుకోకండి. “తింటే ఊపిరాడదండి, ఆస్పత్రికి తీసుకెళ్లాలి” అని ముందురోజే ఫోన్‌లో చెప్పండి. మొహమాటం పండగ తర్వాత చూసుకోవచ్చు.

“బాగా ఉడికించాం కదా” అంటారు. ఆ ప్రొటీన్ ఉడికినా చావదు. “ముక్కలు తీసేసి పులుసు పోస్తా” అంటారు, ఆ పులుసులోనూ అదే ఉంటుంది. కొందరికి రొయ్యలు ఉడికే ఆవిరి తగిలినా ఆయాసం వస్తుంది. పీతల్లోనూ ఇదే రకం ప్రొటీన్. చేపది వేరు, కానీ డాక్టర్‌ని అడగకుండా ధైర్యం చేయొద్దు. కనిపించని రొయ్యతో ఇంకా ప్రమాదం: వంకాయలోనో గోంగూరలోనో వేసిన రొయ్యపొట్టు, రొయ్యలు వేయించిన నూనెలోనే వేసిన పకోడీ.

మా అత్తయ్య ఇప్పుడు తమ్ముడి కూర ముందే వేరే గిన్నెలోకి తీసి, దాని గరిటె కాడకి పసుపు దారం కడుతుంది. వాడు మొదటి బంతిలోనే తినేస్తాడు. జీడిపప్పు పడనివాళ్లు పూతరేకుల దగ్గర, నువ్వులు పడనివాళ్లు అరిసెల దగ్గర ఇలాగే అడగాలి.

పండగకి ముందే డాక్టర్‌ని కలిసి అలర్జీ ముదిరితే ప్రాణం కాపాడే అడ్రినలిన్ ఇంజెక్షన్ దగ్గర ఉంచుకోవాలో లేదో, ఎలా చేయాలో తెలుసుకోండి. దగ్గర్లో రాత్రిపూట కూడా తెరిచుండే ఆస్పత్రి ఏదో కనుక్కోండి. కోడిపందాల బరుల దగ్గర కాలువ గట్టంతా కార్లే కాబట్టి, వేరే దారి కూడా చూసి పెట్టుకోండి.

ఊపిరాడకపోయినా, గొంతు బిగుసుకున్నా, కళ్లు తిరిగి పడిపోయేలా ఉన్నా ఆలస్యం వద్దు. డాక్టర్ ఇచ్చిన ఇంజెక్షన్ ఉంటే వెంటనే తొడకి బయటివైపు చేసి, 108కి ఫోన్ చేయండి. మనిషిని పడుకోబెట్టి కాళ్లు కాస్త ఎత్తులో ఉంచండి. ఆయాసంగా ఉంటే కూర్చోబెట్టండి, నడిపించకండి. సెట్రిజిన్ దురద తగ్గిస్తుందేమో గానీ మూసుకుపోయే గొంతుని తెరవదు. మేం ఆ మాత్ర వేసి పావుగంట చూస్తూ కూర్చున్నాం, ఆ తప్పు మీరు చేయొద్దు.

తగ్గాక కూడా కొన్ని గంటలు ఆస్పత్రిలోనే ఉండాలి. మావాడు సాయంత్రానికి తేరుకుని పందాలకి వెళ్తానన్నాడు. డాక్టర్ గారు కదలనివ్వలేదు. రాత్రి తొమ్మిదింటికి దద్దుర్లు మళ్లీ లేచాయి.