దసరా రద్దీకి ముందు మీ క్యూని ఒకసారి చంపి చూడండి

పోయిన వారం మధురవాడలో మా పాత సహోద్యోగి టీమ్‌కి రాత్రి పదకొండింటికి ఫోన్ల మీద ఫోన్లు. వాళ్లది అరకు బస్సు టికెట్ల యాప్. డబ్బు కట్టాక సీటు ఖాయం కాకపోతే మూడు గంటల తర్వాత రీఫండ్ వెళ్లాలి. వెళ్లింది. కొందరికి రెండుసార్లు, కొందరికి మూడుసార్లు. ఆ ఫోన్లన్నీ బస్సు ఓనరువే. డబ్బు వచ్చినవాళ్లు ఒక్కరూ చెయ్యలేదు.

తర్వాత చెయ్యాల్సిన పనుల్ని క్యూలో పెట్టి, వాటిని చేసే ప్రోగ్రాములకి (వర్కర్లకి) పంచే సెలెరీ వాడారు. వెనక ఆ క్యూని దాచేది రెడిస్ డేటాబేస్. పనిని 3 గంటల కౌంట్‌డౌన్‌తో క్యూలో వేశారు. రెడిస్ మీద సెలెరీ విజిబిలిటీ టైమౌట్, అంటే వర్కర్ జవాబు కోసం ఆగే సమయం, మనం మార్చకపోతే 1 గంట. ఆలోపు వర్కర్ నుంచి 'అందింది' అని కబురు రాకపోతే పని పోయిందనుకుని ఇంకో వర్కర్‌కి ఇచ్చేస్తుంది. మొదటి వర్కర్ నిక్షేపంగా ఉంది, టైమ్ ఎప్పుడవుతుందా అని కూర్చుంది. అప్పటిదాకా ఆ కబురు పంపదు. మూడు గంటలయ్యేసరికి ఒకే రీఫండ్ మూడు చోట్ల సిద్ధం.

సెలెరీయా, రూబీవాళ్ల సైడ్‌కిక్కా, అమెజాన్ క్యూ సర్వీసు ఎస్‌క్యూఎస్సా అని వారాలు వాదించుకుంటాం. ఏది ఎంచుకున్నా పని రెండుసార్లు నడిచే రోజు వస్తుంది. ఎస్‌క్యూఎస్ మామూలు క్యూ అయితే 'కనీసం ఒకసారి' ఇస్తానంటుంది, ఒక్కసారే అనదు. దాని టైమౌట్ డీఫాల్ట్ 30 సెకన్లే.

అందుకని డబ్బు కదిలే ప్రతి పనికీ ముందు టేబుల్లో ఒక వరుస రాయండి, బుకింగ్ నంబరు మీద యునీక్ కన్‌స్ట్రెయింట్‌తో (అదే నంబరుని రెండోసారి రాయనివ్వని నియమం). డబ్బు పంపే పేమెంట్ గేట్‌వేకి కూడా అదే నంబరు ఐడెంపొటెన్సీ కీగా (ఇది పాత కోరికే అని గేట్‌వే పోల్చుకునే గుర్తు) పంపండి. గేట్‌వేకి వెళ్లేలోపు వర్కర్ పోయినా, రెండోసారి అదే కీతో పంపితే డబ్బు ఒక్కసారే కదులుతుంది. 'ఇప్పటికే పంపామా' అని టేబుల్లో సెలెక్ట్ (వెతికే క్వెరీ) కొట్టి చూసుకోవడం చాలదు. ఇద్దరు వర్కర్లు ఒకే క్షణంలో చూస్తే ఇద్దరికీ 'లేదు' అనే వస్తుంది.

రోజుకి కొన్ని వేల పనులేనా? పోస్ట్‌గ్రెస్ డేటాబేస్ ఉందా? 9.5 వెర్షన్ నుంచి స్కిప్ లాక్డ్ (ఇంకో వర్కర్ పట్టుకున్న వరుసని వదిలి తర్వాతిది తీసుకోవడం) ఉంది, క్యూకి ఒక టేబుల్ చాలు. కాఫ్కా లాంటి భారీ మెసేజ్ సిస్టమ్ తేవడం పిచ్చుక మీద బ్రహ్మాస్త్రం.

క్యాష్‌కీ (డబ్బు కాదు, తాత్కాలిక డేటా దాచే చోటు) క్యూకీ ఒకే రెడిస్ వద్దు. మెమరీ నిండితే ఉన్నవి తీసేసే క్యాష్ పాలసీ మీ పనుల్ని కూడా తుడిచేయొచ్చు. క్యూ ఉన్నచోట ఏదీ తుడవని పాలసీ, నోఎవిక్షన్.

డేటాబేస్‌లో ట్రాన్సాక్షన్ కమిట్ అయ్యాకే (బుకింగ్ ఖాయంగా నమోదయ్యాకే) పనిని క్యూలో వెయ్యండి. లేకపోతే వర్కర్ ముందే పరుగెత్తుకెళ్లి, లేని బుకింగ్ కోసం వెతుకుతుంది.

సైడ్‌కిక్‌ని దాని మానాన వదిలేస్తే విఫలమైన పనిని 25 సార్లు, సుమారు 20 రోజులు ప్రయత్నిస్తుంది. దసరా ఓటీపీ దీపావళికి చేరుతుంది. ఓటీపీకి గడువు పెట్టండి.

ఆఫీసు మూలనున్న మెషీన్‌లో వర్కర్ పెట్టకండి. అక్టోబరు తుఫాన్ల నెల. 2014లో హుద్‌హుద్ తర్వాత ఇక్కడ విశాఖలో రోజులకొద్దీ కరెంటు లేదు.

గంటల తరబడి కౌంట్‌డౌన్ పెట్టకండి. గడువుని టేబుల్లో రాసి, నిమిషానికోసారి చూసే పని పెట్టుకోండి.

ఈమెయిల్ క్యూ వేరు, డబ్బు క్యూ వేరు.

క్యూ పొడవు కాదు, అన్నిటికన్నా పాత పని వయసు చూడండి. అలారం దాని మీద పెట్టండి.

పండగ ముందురోజు వెర్షన్ మార్చొద్దు. శుక్రవారం సాయంత్రం అసలొద్దు.

ఇవాళే స్టేజింగ్‌లో (పరీక్షలకి పెట్టుకున్న నకలు సర్వర్లో) రీఫండ్ సగంలో ఉండగా వర్కర్‌ని కిల్ మైనస్ 9 (ఉన్నపళంగా చంపే కమాండ్) కొట్టండి. మళ్లీ లేపండి. అదే పనిని చేత్తో ఇంకోసారి క్యూలో వెయ్యండి. గేట్‌వే టెస్ట్ లాగ్‌లో రీఫండ్ ఒక్కటే ఉండాలి. రెండు కనిపిస్తే టికెట్ల అమ్మకం తెరవకండి.