కంట్రోల్ సిస్టమ్స్ క్లాసు ఎక్కడ తడబడుతుంది: సమస్య, కారణం, పరిష్కారం

ఈఈఈ (ఎలక్ట్రికల్ అండ్ ఎలక్ట్రానిక్స్ ఇంజనీరింగ్) రెండో సంవత్సరానికి కంట్రోల్ సిస్టమ్స్ చెప్పేవాళ్లు స్టాఫ్‌రూమ్‌లో తరచూ అనే మాట ఒకటుంది: "పిల్లలకి మ్యాథ్స్ బేస్ లేదండీ." అందులో కొంత నిజం ఉంది. కానీ పేపర్లు దిద్దేటప్పుడు గమనించండి. లాప్లాస్ (డిఫరెన్షియల్ ఈక్వేషన్లని తేలిక చేసే గణిత పద్ధతి) తప్పు చేసినవాళ్ల సంగతి అలా ఉంచితే, లెక్కంతా సరిగ్గా చేసి "కాబట్టి ఈ సిస్టమ్ ఎలా ప్రవర్తిస్తుంది" అన్న దగ్గర కలం ఆపేసినవాళ్లు బోలెడుమంది కనిపిస్తారు. లెక్క మొదలుపెట్టే ముందు ఏం జరుగుతుందో ఊహించమని మనం అడగం. నా మటుకు నాకు అసలు రోగం అదే. ఇబ్రహీంపట్నం నుంచి బాచుపల్లి దాకా హైదరాబాద్ చుట్టూ ఉన్న ఏ కాలేజీలో అడిగినా కింద రాసిన సమస్యల్లో సగమైనా వినిపిస్తాయి.

సమస్య: "అర్థమైందా?" అంటే "అయింది సార్" అంటారు, మిడ్ పేపర్లో ఏమీ ఉండదు

కారణం: అరవై మంది ముందు "కాలేదు సార్" అనే ధైర్యం ఎవరికుంటుంది? ఇంటర్ దాకా తెలుగు మీడియంలో చదివినవాళ్లయితే డౌటుని ఇంగ్లిష్‌లో కూర్చుకునేలోపు బోర్డు తుడిచేసి ఉంటాం.

పరిష్కారం: ఆ ప్రశ్న మానేయండి. తలా ఒక చిన్న కాగితం ముక్క ఇచ్చి, "గెయిన్ (సంకేతాన్ని ఎన్ని రెట్లు చేస్తున్నామో ఆ అంకె) రెట్టింపు చేస్తే అవుట్‌పుట్ ఎలా మారుతుందో బొమ్మ గీయండి" అనండి. పేరు రాయక్కర్లేదు. గీసే ముందు రెండు నిమిషాలు పక్కవాళ్లతో తెలుగులోనో హిందీలోనో వాదించుకోనివ్వండి. కాగితాలు పోగుచేస్తే మహా అయితే మూడు నాలుగు రకాల బొమ్మలే ఉంటాయి. వాటిని బోర్డు మీద వేసి, ఏది ఎందుకు కుదరదో వాళ్లచేతే చెప్పించండి. సిలబస్ ఎప్పుడు పూర్తవుతుందని టెన్షన్ పడకండి, దీనికి పట్టేది పది నిమిషాలు.

సమస్య: పోల్ అంటే ఏంటంటే "డినామినేటర్‌ని జీరో చేసేది" అని ఆగిపోతారు

కారణం: లాప్లాస్‌ని మ్యాథ్స్ పేపర్‌లో టేబుల్‌గా నేర్చుకున్నారు. ఆ టేబుల్‌కీ గడియారానికీ సంబంధం ఉందని వాళ్లకెవరూ చూపించలేదు.

పరిష్కారం: 100 కిలో ఓమ్‌ల రెసిస్టర్, 100 మైక్రోఫారడ్ల కెపాసిటర్, 5 వోల్టుల మొబైల్ ఛార్జర్, ఒక మల్టీమీటర్. టైమ్ కాన్‌స్టంట్ 10 సెకన్లు కాబట్టి ఫోన్‌లో స్టాప్‌వాచ్ పెట్టుకుని కళ్లతో చదవొచ్చు. పది సెకన్లకి దాదాపు 3.16 వోల్టులు, ఇరవైకి 4.3 పైచిలుకు రావాలి. ఎలక్ట్రోలిటిక్ కెపాసిటర్ల విలువ 20 శాతం దాకా అటూ ఇటూ ఉంటుంది కాబట్టి అంకె సరిగ్గా కుదరకపోతే కంగారుపడొద్దు. ఇప్పుడు పోల్ ఎక్కడుందని అడగండి: మైనస్ 0.1. రెసిస్టర్ తీసి 10 కిలో ఓమ్‌లది పెడితే పోల్ మైనస్ 1కి పోతుంది, మీటరు అంకెలు చదివే తీరిక లేకుండా పరుగెత్తుతాయి. ఎడమవైపు జరిగే కొద్దీ వేగం పెరుగుతుందన్నది ఇక బట్టీ పట్టక్కర్లేదు.

సమస్య: "ఓపెన్ లూప్ స్టేబుల్ కదా సార్, ఫీడ్‌బ్యాక్ పెడితే అన్‌స్టేబుల్ ఎందుకవుతుంది?"

ఈ ప్రశ్న అడిగిన పిల్లాణ్ని మెచ్చుకోవాలి. అడగని మిగతావాళ్లు ఇదే అయోమయంతో సెమిస్టరంతా నెట్టుకొస్తారు. రూట్ లోకస్ (గెయిన్ మారుతుంటే పోల్స్ కదిలే దారి), బోడె, నైక్విస్ట్ ఓపెన్ లూప్‌ని (ఫీడ్‌బ్యాక్ కలపని సిస్టమ్‌ని) చూసి క్లోజ్డ్ లూప్ సంగతి చెప్పే పద్ధతులు, రౌత్ మాత్రం నేరుగా క్లోజ్డ్ లూప్ ఈక్వేషన్ గుణకాల్నే చూస్తుంది. ఆ తేడా పట్టుబడకపోతే నాలుగూ నాలుగు వేరువేరు తంతుల్లా కనిపిస్తాయి.

కారణం: ఫీడ్‌బ్యాక్ అంటే తప్పుని సరిదిద్దేది అని మొదటి రోజే చెప్పేస్తాం. సరిదిద్దే సంకేతం ఆలస్యంగా వస్తే అదే తప్పుని పెంచుతుందన్న సంగతి మూడో యూనిట్ దాకా ఎత్తం. 1 ప్లస్ జి హెచ్ (లూపంతా ఒకసారి తిరిగితే వచ్చే గెయిన్) ఈక్వల్స్ జీరో అని రాసేసి ముందుకెళ్లిపోతాం. జి హెచ్ విలువ మైనస్ 1 అయితే సంకేతం లూపంతా తిరిగి తన సైజులోనే, తన ఊపులోనే మళ్లీ బయల్దేరుతుందని నోటితో చెప్పం.

పరిష్కారం: బ్రెడ్‌బోర్డ్ మీద ఒక లూప్ కట్టించండి. కోఠి గుజరాతీ గల్లీలో సామానంతా కొద్ది డబ్బుకే దొరుకుతుంది. ఎల్ఎం 324 ఒకటి కొంటే నాలుగు ఆప్-ఆంప్‌లు వచ్చేసినట్టే. 100 కిలో ఓమ్‌లు, 1 మైక్రోఫారడ్‌తో ఒకేలాంటి ఆర్‌సీ దశలు మూడు కట్టి, ఒక్కోదాని వెనక ఒక ఆప్-ఆంప్‌ని బఫర్‌గా పెట్టండి. నాలుగో ఆప్-ఆంప్ ఇన్వర్టింగ్ సమ్మర్ (సంకేతాల్ని కలిపి గుర్తు తిప్పేది): ఇన్‌పుట్‌కీ ఫీడ్‌బ్యాక్‌కీ చెరో 10 కిలో ఓమ్‌లు, ఆప్-ఆంప్ పైన 100 కిలో ఓమ్‌ల పాట్ (తిప్పితే విలువ మారే రెసిస్టర్). దాంతో గెయిన్ సున్నా నుంచి 10 దాకా తిప్పొచ్చు. సప్లైకి రెండు 9 వోల్టుల బ్యాటరీలు, మధ్య బిందువు గ్రౌండ్. కెపాసిటర్లు మాత్రం ఫిల్మ్ రకానివే వాడండి, ఇక్కడ వోల్టేజీ రెండువైపులా తిరుగుతుంది కాబట్టి ఎలక్ట్రోలిటిక్ పనికిరాదు.

తిప్పే ముందు ఎక్కడ అల్లాడటం మొదలవుతుందో అడగండి. ఒక్కో దశ 60 డిగ్రీలు వెనకబడితే మొత్తం 180. ఆ ఫ్రీక్వెన్సీ దగ్గర ఒక్కో దశ సంకేతాన్ని సగం చేస్తుంది, మూడు కలిస్తే ఎనిమిదో వంతు. అంటే గెయిన్ 8 దగ్గర, సెకనుకి దాదాపు 2.76 సార్లు. రెసిస్టర్ కలిపిన ఎల్ఈడీని సమ్మర్ అవుట్‌పుట్ దగ్గర పెట్టండి. మూడో దశ చివర పెడితే అక్కడ ఒక వోల్టు చిల్లరే ఉంటుంది, అది వెలగదు. గెయిన్ 7 దగ్గర ఇన్‌పుట్ మార్చి చూస్తే స్కోప్‌లో కాసేపు ఊగి సర్దుకుంటుంది. 8 దాటిందంటే ఎల్ఈడీ తనంతట తానే మిణుకుమిణుకుమనడం మొదలుపెడుతుంది. ఫంక్షన్ జనరేటర్ లేదు, ఇన్‌పుట్ సున్నా. పిల్లలు ముందు చూసేది ఎక్కడైనా ఏదైనా తగిలించి ఉందా అనే.

కట్టాక పనిచేయకపోతే: ఎల్ఈడీ కదలకుండా వెలుగుతూనే ఉన్నా, ఎంత తిప్పినా చీకటిగానే ఉన్నా ఫీడ్‌బ్యాక్ గుర్తు తిరగబడిందేమో చూడండి. పాట్ చివరిదాకా తిప్పినా ఊగకపోతే మల్టీమీటర్‌తో పాట్‌ని కొలవండి, 100 అని రాసి ఉన్నదాంట్లో 80 కూడా ఉండకపోవచ్చు. కెపాసిటర్లలో పది శాతం తేడా వల్ల హద్దు 8 నుంచి పెద్దగా కదలదు.

ఇక్కడ తెలివైనవాడు ఒకడు లేచి, "ఫేజ్ షిఫ్ట్ ఆసిలేటర్‌కి 29 కదా సార్?" అంటాడు. ఎలక్ట్రానిక్స్ పేపర్‌లో ఆ 29ని అందరూ కంఠతా పట్టినవాళ్లే. బఫర్లు తీసేసి మూడు ఆర్‌సీలూ నేరుగా కలిపితే ఒకదాన్నొకటి లోడ్ చేసుకుంటాయి, అప్పుడు క్యారక్టరిస్టిక్ ఈక్వేషన్‌లో గుణకాలు 1, 5, 6, 1 ప్లస్ కె (కె అంటే గెయిన్). రౌత్ టేబుల్ వేయిస్తే కె విలువ 29 అని వాళ్ల చేత్తోనే వస్తుంది. రెండు పేపర్లలో విడివిడిగా చదివినవి ఒకే లెక్క అని తెలిసిన ఆ క్షణానికి మించిన మోటివేషన్ క్లాసు మరొకటి ఉండదు.

ఆ తర్వాత మూడు కెపాసిటర్లలో ఒకదాన్ని తీసి 0.1 మైక్రోఫారడ్‌ది పెట్టించండి. హద్దు 24 దాటిపోతుంది, పాట్ మొత్తం తిప్పినా ఊగదు. దాని బదులు ఒకదాన్ని పదిరెట్లు పెద్దది చేస్తే? అదే 24.2. ఒకే చోట మూడు పోల్స్ గుమిగూడి ఉండటమే అన్నిటికన్నా అధ్వాన్నం. ఎందుకో ఇంట్లో తేల్చుకు రమ్మనండి.

సమస్య: రూట్ లోకస్ ముచ్చటగా గీస్తారు, కె పెరిగితే ఏమవుతుందో చెప్పలేరు

కారణం: పది రూల్స్, పది మార్కులు. 1948లో ఎవాన్స్ ఈ పద్ధతిని బయటపెట్టింది గెయిన్ ఎంత పెట్టాలో తేల్చుకోవడానికి. మన దగ్గర అది డ్రాయింగ్ పరీక్షయి కూర్చుంది.

పరిష్కారం: మార్కుల స్కీమ్ మన చేతిలో ఉన్న ఇంటర్నల్స్‌లోనైనా లోకస్ కింద మూడు చిన్న స్టెప్ రెస్పాన్స్ బొమ్మలు తప్పనిసరి చేయండి. పోల్స్ సున్నా, మైనస్ 1, మైనస్ 2 దగ్గరున్న పాత లెక్కే తీసుకోండి. కె 0.2 దగ్గర ఊగకుండా మెల్లగా చేరుతుంది. 1.04 దగ్గర జీటా (ఊపు ఎంత త్వరగా చల్లారుతుందో చెప్పే డ్యాంపింగ్ రేషియో) దాదాపు 0.5, ఓవర్‌షూట్ (చివరి విలువని దాటిపోవడం) 16 శాతం చుట్టూ ఉంటుంది. 6 దగ్గర ఆగకుండా ఊగుతూనే ఉంటుంది, ఒక్కో ఊపుకి దాదాపు 4.4 సెకన్లు. లోకస్ సరిగ్గా ఉండి బొమ్మలు తప్పయితే సగం మార్కులే ఇవ్వండి. మొదట్లో గొడవ చేస్తారు, రెండో మిడ్‌కి అలవాటుపడతారు.

జీటా ఫార్ములా గురించి ఒక మాట. మూడో పోల్ చాలా ఎడమన ఉన్నప్పుడే ఆ 16 శాతం నమ్మదగింది. 1.04 దగ్గర అది మైనస్ 2.3 ప్రాంతంలో, మిగతా రెండిటికన్నా దాదాపు ఏడు రెట్లు దూరంగా ఉంది కాబట్టి సరిపోయింది. ఎక్కడపడితే అక్కడ ఫార్ములా వేసేవాళ్లకి ఈ షరతు రాయించండి.

సమస్య: సెమీలాగ్ షీట్ మీద స్లోపులన్నీ కరెక్టు, ఫేజ్ మార్జిన్ మాత్రం తప్పు ఫ్రీక్వెన్సీ దగ్గర కొలుస్తారు

కారణం: ఆ గీత దేని కొలతో తెలియదు. సైన్ వేవ్ పంపితే సైన్ వేవే బయటికొస్తుంది, సైజు, ఫేజు మాత్రమే మారతాయి అన్న మూల విషయాన్ని కంటితో చూడలేదు.

పరిష్కారం: పై బ్రెడ్‌బోర్డ్ లూప్‌ని ఒకచోట తెంపి, ఫంక్షన్ జనరేటర్ పెట్టి, అయిదారు ఫ్రీక్వెన్సీల్లో డీఎస్ఓ (డిజిటల్ స్టోరేజ్ ఆసిలోస్కోప్) మీద కొలిపించండి. ఆ చుక్కలు కలిపితే వచ్చేదే బోడె ప్లాట్. గెయిన్ 4 దగ్గర ఉంచి గెయిన్ మార్జిన్ ఎంతని అడిగితే "8 దాకా తిప్పొచ్చు, అంటే రెండు రెట్లు, 6 డీబీ" అనాలి. మార్జిన్ అంటే పాట్‌లో ఇంకా మిగిలిన తిప్పుడు అని చేతికి తెలిస్తే, ఏ క్రాసోవర్ దగ్గర ఏది కొలవాలో చాలామంది మళ్లీ తికమకపడరు.

చిన్నాచితకా

రౌత్ టేబుల్‌లో వరస మొత్తం సున్నా అయితే బెదిరిపోతారు. ఊగిసలాట హద్దు దొరికిందని చెప్పే గుర్తే చాలాసార్లు ఆ వరస, ఆగ్జిలరీ ఈక్వేషన్ ఆ ఊగే ఫ్రీక్వెన్సీని ఇస్తుంది. రౌత్ 1877లో ఇది చేసినప్పుడు రూట్లు తీయడానికి యంత్రాలు లేవు, ఇప్పుడు ఫోనే తీస్తుంది. అయినా కె అక్షరంగానే ఉన్నప్పుడు హద్దు చెప్పేది ఈ టేబులే. దీనికి రెండు క్లాసులు చాలు.

మ్యాట్‌ల్యాబ్‌లో ప్లాట్ వచ్చేసింది, రికార్డులో అంటించేశారు, వైవాలో నోరు పెగలదు. ప్రోగ్రామ్ రన్ చేసే ముందు పెన్సిల్‌తో ఊహాచిత్రం గీసి సంతకం పెట్టించుకోవాలన్న నియమం పెట్టండి. లైసెన్సు లేని కాలేజీలకి ఆక్టేవ్ ఉచితం.

సమస్య: కుడివైపు జీరో అంటే "పరీక్షల్లో వచ్చేది" అనుకుంటారు

కారణం: న్యూమరేటర్‌ని జీరో చేసే విలువ ప్లస్ వైపు పడటం పుస్తకంలో అంకెలుగా తప్ప ఎక్కడా కనిపించదు.

పరిష్కారం: నాగార్జునసాగర్ జలవిద్యుత్ కేంద్రాన్ని తీసుకోండి, వీళ్లలో చాలామంది పిక్నిక్‌కి వెళ్లొచ్చినదే. లోడ్ పెరిగింది, గవర్నర్ (టర్బైన్ వేగాన్ని అదుపుచేసే యంత్రం) నీటి గేటు తెరిచింది. ఆ మొదటి క్షణంలో పవర్ పెరుగుతుందా, తగ్గుతుందా? అందరూ పెరుగుతుందనే అంటారు. పెన్‌స్టాక్‌లో (నీటిని టర్బైన్‌కి తెచ్చే గొట్టంలో) ఉన్న నీటి రాశి ఒక్కసారిగా వేగం అందుకోలేదు, టర్బైన్ దగ్గర ఒత్తిడి పడిపోతుంది, పవర్ ముందు తగ్గి ఆ తర్వాత పెరుగుతుంది. ఆదర్శ మోడల్‌లో న్యూమరేటర్ 1 మైనస్ టీడబ్ల్యూ ఎస్, డినామినేటర్ 1 ప్లస్ సగం టీడబ్ల్యూ ఎస్. టీడబ్ల్యూ అంటే నీరు వేగం పుంజుకునే కాలం. స్టెప్ ఇస్తే మొదటి విలువ మైనస్ 2, చివరి విలువ 1. ఇనిషియల్ వాల్యూ థీరమ్ ఎందుకు నేర్చుకున్నారో ఇక్కడ తెలుస్తుంది.

ఇక గవర్నర్ గెయిన్ పెంచుకుంటూ పోతే పోల్ ఎటు పోతుందని అడగండి. లోకస్ జీరోల దగ్గర ముగుస్తుంది, ఒక జీరో కుడివైపుంది, కాబట్టి పోల్ కూడా అటే పోయి సిస్టమ్ అన్‌స్టేబుల్ అవుతుంది. మన గ్రిడ్ కోడ్ ఫ్రీక్వెన్సీని 49.90, 50.05 హెర్ట్జ్‌ల మధ్య ఉంచమంటుంది కదా, మరి గెయిన్ పెంచేసి ఆ పని చేయలేమా అన్నది వెంటనే వచ్చే ప్రశ్న. హైడ్రో గవర్నర్లలో ట్రాన్సియంట్ డ్రూప్ అనే ఏర్పాటు ఉండేది అందుకే: ఉన్నట్టుండి వచ్చిన మార్పుకి తక్కువ గెయిన్‌తో, నిలకడ స్థితిలో ఎక్కువ గెయిన్‌తో పనిచేయిస్తుంది. పవర్ సిస్టమ్స్ పేపర్‌లో ఆ పేరు మళ్లీ వస్తుంది. అప్పుడు ఆ సారుకి పని తగ్గుతుంది.