నూనె రాచి ప్రార్థించుట – నాలుగవ పాఠం: రోగి మంచం దగ్గర

గత పాఠంలో యాజకులను, రాజులను అభిషేకించిన విధానం చూశాము. నిర్గమకాండము 30వ అధ్యాయంలోని ఆ తైలంలో గోపరసం ఒక్కటే 500 తులాలు. దానిని మామూలు మనుష్యుల మీద పోయరాదనీ, దానివంటిది మరొకటి చేయరాదనీ ఆజ్ఞ కూడా అక్కడే ఉన్నది. నేటి పాఠంలోని నూనె అది కాదు. రోగి సంఘపు పెద్దలను పిలిపింపవలెననీ, వారు ప్రభువు నామమున అతనికి నూనె రాచి ప్రార్థన చేయవలెననీ చెప్పే యాకోబు పత్రిక 5:14 నూనె అని మాత్రమే చెప్పి, సుగంధద్రవ్యాల ఊసుగాని కొలతల ఊసుగాని ఎత్తలేదు. కాబట్టి సీసాలలో పోసి "అభిషేక తైలం" అని అధిక ధరకు అమ్మేదానిని ఏ విశ్వాసీ కొననక్కరలేదు. ఒలీవనూనె దొరికితే మంచిదే. దొరకని లంక గ్రామంలో శుభ్రమైన కొబ్బరినూనె చాలును. కతోలిక సంఘంలో సైతం, ఒలీవనూనె లభించనిచోట ఇతర మొక్కల నుండి తీసిన నూనె వాడవచ్చునని ఆరవ పౌలు పోపుగారు 1972లో అనుమతించారు.

నూనె రాయవలసినది ఎవరు? కతోలికులకు ఇది దివ్యసంస్కారం గనుక గురువులే చేయాలి. లూథరన్, సి.ఎస్.ఐ. సంఘాలవారు తమ అయ్యగారికి (పాస్టరుగారికి) చెప్పకుండా వెళ్లకూడదు. 1836లో ఇంగ్లండు మిషనరీలైన బౌడెన్, బియర్ దొరల రాకతో నర్సాపురం చుట్టుపక్కల మొదలైన బ్రదరెన్ సహవాసాలలో ఈ బాధ్యత పెద్దలదే. ఈ పాఠం ముఖ్యంగా అటువంటి పెద్దల కోసం వ్రాస్తున్నాను.

మొదట రోగి పిలిచాడో లేదో తెలుసుకోండి. "పిలిపింపవలెను" అన్న మాట రోగికి చెప్పబడినది; బంధువుల బలవంతం మీద వెళ్లి, ఇష్టపడని మనిషి నుదుట నూనె రాయడం వాక్యానుసారం కాదు. ఒంటరిగా కాక ఇద్దరు వెళ్లండి. ఆసుపత్రి అయితే నర్సమ్మగారి అనుమతి తీసుకోండి. ఆక్సిజన్ పెట్టి ఉంటే నూనె ఆ దరిదాపులకు తీసుకుపోకండి, అగ్నిప్రమాదం జరుగవచ్చును. గాయాలకు, ఆపరేషన్ కుట్లకు నూనె తగలనీయకండి.

కూర్చున్న తరువాత యాకోబు 5వ అధ్యాయం 14 నుండి 16 వరకు వచనాలు నెమ్మదిగా చదివి, రోగిని మాట్లాడనివ్వండి. అతడు ఏదైనా ఒప్పుకొనదలిస్తే ఇంటివారిని కాసేపు వసారాలోకి పంపి వినండి. విన్నది మీతోనే ఉండాలి. అప్పుడు వేలికొసను నూనెలో ముంచి నుదుట రాచి, "ప్రభువైన యేసు నామమున నీకు నూనె రాయుచున్నాము" అని పలికి, రోగి అలసిపోకముందే ముగిసేటంత చిన్న ప్రార్థన చేయండి. కేకలు అక్కరలేదు.

అన్నిటికంటె జాగ్రత్త వహించవలసినది ఇక్కడే. "విశ్వాససహితమైన ప్రార్థన" అని 15వ వచనం అంటున్నప్పుడు, ఆ ప్రార్థన చేస్తున్నవారు పెద్దలు. అయినా స్వస్థత ఆలస్యమైతే "నీకు విశ్వాసం చాలలేదు" అని రోగినే నిందించే అలవాటు మన కూటాలలో పెరిగింది. ఇది క్రూరమైన బోధ. పౌలు అంతటివాడు తన సహచరుడైన త్రోఫిమును రోగిగానే మిలేతులో విడిచివచ్చాడు (2 తిమోతి 4:20). అతని విశ్వాసాన్ని తప్పుపట్టిన మాట ఒక్కటీ వ్రాయలేదు. ఇన్సులిన్, బి.పి. మాత్రలు మానుకొమ్మని చెప్పే అధికారం కూడా నూనె సీసా పట్టుకున్నవారికి లేదు. తిమోతి కడుపు జబ్బుకు కొంచెం ద్రాక్షారసం పుచ్చుకొమ్మని సలహా ఇచ్చిన అపొస్తలుడు, వైద్యుడైన లూకాను ప్రియుడని పిలిచాడు.

అభ్యాసం: ఆ మూడు వచనాలను కంఠస్థం చేయండి. తరువాత నాలుగు వాక్యాల ప్రార్థన సొంతంగా వ్రాసి, "నీవు నమ్మితే" అన్న షరతు అందులో ఎక్కడైనా దొర్లిందేమో చూసి కొట్టివేయండి. తోటి పెద్ద ఒకరిని రోగి స్థానంలో కూర్చోబెట్టి, నూనె లేకుండా, మొదటి నుండి చివరి వరకు ఒకసారి చేసి చూడండి. ఐదవ పాఠంలో, మరణానికి చేరువైనవారి దగ్గర ఈ క్రమంలో ఏమేమి మారుతుందో నేర్చుకుందాము.