చేతి అలంకరణ నిలవడం లేదా? ముందు ఊడిన చోటు చూడండి

మా పాప పుట్టినరోజుకి రాత్రి పదకొండింటిదాకా కూర్చుని కాగితపు జెండాల దండ కట్టాను. తెల్లారి లేచి చూస్తే దండ మొత్తం నేల మీద కుప్పగా పడి ఉంది. టేపు మంచిది కాదనుకుని ఇంకో చుట్ట తెప్పించి మళ్లీ అంటించాను. రెండు గంటలు తిరక్కుండానే మళ్లీ పడింది. అప్పుడు కింద కూర్చుని, ఊడిన టేపు ముక్కను తిప్పి చూశాను. జిగురు వైపంతా పిండి అద్దినట్టు తెల్లటి పొడి. టేపు తన పని సరిగ్గానే చేసింది, గోడ మీది పొడిని గట్టిగా పట్టుకుంది. ఆ పొడికే గోడతో పట్టు లేదు.

ఆ రోజు నుంచి నాకొక అలవాటైంది. ఏది ఊడినా, వంగినా, చిరిగినా ముందు దెబ్బతిన్న చోటు చూస్తాను. కొత్త సామాను సంగతి ఆ తర్వాతే. తక్కువ ఖర్చులో అలంకరణ చేసుకునేవాళ్లకి డబ్బు పోయేది కాగితం దగ్గర కాదు, కారణం తెలియక రెండోసారి, మూడోసారి కొనే టేపు, జిగురు దగ్గర. అందుకే ఇక్కడ కంటికి కనిపించే లక్షణంతో మొదలుపెట్టి, కారణం పట్టుకుని, పరిష్కారం చెబుతున్నాను.

గోడకు అంటించినవి ఊడిపోతున్నాయి

ఊడిన టేపును వెలుతురులో పెట్టి జిగురు వైపు చూడండి.

పొడి కనిపిస్తే తప్పు గోడది. సున్నం, డిస్టెంపర్ వేసిన గోడను అరచేత్తో రాస్తే చేతికి తెల్లగా అంటుతుంది. కాస్త దుమ్మే అయితే పొడి గుడ్డతో తుడిచి అంటిస్తే సరిపోతుంది. ఎన్నిసార్లు తుడిచినా పొడి రాలుతూనే ఉంటే మాత్రం ఆ గోడ మీద ఏ టేపూ నిలవదు, ఖర్చు పెట్టకండి. తలుపు చట్రం, కిటికీ గ్రిల్, కర్టెన్ రాడ్, అల్మారా పై అంచు, వీటిలో దేనికైనా దారంతో కట్టేయండి.

టేపు గోడకే ఉండి కాగితం ఒక్కటే కింద పడిందనుకోండి. టేపు మీద కాగితం పై పొర చిరిగి మిగిలి ఉంటుంది. అంటే జిగురు బలంగానే ఉంది, బరువంతా ఒకే చోట పడి కాగితం తట్టుకోలేకపోయింది. వెనక వైపు అరచేయంత అట్ట ముక్క అంటించి, టేపును ఆ అట్టకు వేయండి. బరువు అంత మేరా పంచుకుంటుంది.

టేపు శుభ్రంగా, మెరుస్తూ ఊడి వచ్చిందా? అయితే జిడ్డో, తేమో అడ్డుపడింది, లేదా నొక్కింది సరిపోలేదు. టైల్స్, గాజు, పెయింట్ వేసిన చెక్క మీద ఎక్కువగా ఇలా అవుతుంది. కొంచెం స్పిరిట్ అద్దిన గుడ్డతో తుడిచి, పూర్తిగా ఆరనిచ్చి, టేపును 30 సెకన్లు గట్టిగా నొక్కి పట్టండి. రెండు వైపులా అంటే టేపయితే వెంటనే బరువు తగిలించకుండా ఒక గంట ఆగండి. ఈ గంట ఆగలేకపోవడం వల్ల పాడైనన్ని అలంకరణలు నాసిరకం టేపు వల్ల కూడా పాడవవు.

దండ మధ్యలో బాగానే ఉంది, చివర్లే ఊడుతున్నాయి

దీన్ని విడిగా చెప్పాలి, ఎందుకంటే ఇది జిగురు సమస్యే కాదు. దండ తిన్నగా, గీత గీసినట్టు ఉండాలని బిగించి లాగి అంటిస్తాం. దారం ఎంత తిన్నగా ఉంటే చివర్ల మీద లాగుడు అంత పెరుగుతుంది.

లెక్క చూడండి. దండ బరువు 200 గ్రాములు. గోడ దగ్గర దారం 30 డిగ్రీలు కిందికి వాలి ఉంటే ఒక్కో చివర మీద పడే లాగుడు 200 గ్రాముల బరువుతో సమానం. అదే దండను బిగించి 5 డిగ్రీల వాలుకు తెస్తే ఒక్కో చివర మీద దాదాపు 1150 గ్రాములు. దండ అదే, టేపు అదే, భారం మాత్రం ఐదు రెట్లు దాటిపోయింది.

కాబట్టి వదులుగా కట్టండి. రెండు మీటర్ల దూరానికి మధ్యలో 25 నుంచి 30 సెంటీమీటర్లు కిందికి వేలాడనిస్తే చూడ్డానికీ అందంగా ఉంటుంది, చివర్లకీ హాయి. తిన్నగానే కావాలంటే మధ్యలో ఒకటి రెండు చోట్ల కూడా ఆసరా ఇవ్వండి.

ఇక జెండాలన్నీ జారి మధ్యకు చేరుతుంటే, దారం కాగితం లోంచి స్వేచ్ఛగా జారుతోందని అర్థం. రంధ్రాల్లో గుచ్చడం మానేసి, పై అంచును సెంటీమీటరు మేర దారం మీదుగా మడిచి అంటించేయండి.

అంటించిన కాగితం ముడతలు పడుతోంది, అట్ట విల్లులా వంగుతోంది

ఫెవికాల్ లాంటి తెల్ల జిగురులో నీళ్లుంటాయి. కాగితం ఆ నీళ్లు పీల్చుకోగానే లోపలి పీచు ఉబ్బుతుంది. పీచు పొడవు పెద్దగా మారదు, లావెక్కుతుంది. పీచు ఎక్కువగా ఒకే దిశలో పరుచుకుని ఉంటుంది కాబట్టి కాగితం దానికి అడ్డంగా ఉన్న దిశలోనే ఎక్కువ సాగి, ఆరాక మళ్లీ కుదించుకుంటుంది. సాగినప్పుడు ముడతలు, కుదించుకున్నప్పుడు వంపు.

జిగురు ఎక్కువ రాస్తే గట్టిగా అంటుతుందన్న నమ్మకం చాలామందికి ఉంది. కాగితానికి మాత్రం పలచగా రాసిందే గట్టిగా అంటుతుంది. పాత ప్లాస్టిక్ కార్డు ముక్కతో జిగురును పొరలా లాగండి, కింది అట్ట రంగు లీలగా కనిపించాలి. కాగితాన్ని మధ్యలో ఆనించి అక్కడి నుంచి అంచుల వైపు చేత్తో రాయండి, గాలి బయటకు పోతుంది. పైన తెల్ల కాగితం వేసి, బరువైన పుస్తకాలు పెట్టి రాత్రంతా వదిలేయండి. కాగితం మీద కాగితం అంటించే చిన్న పనులకైతే గ్లూ స్టిక్ మేలు, దాంట్లో తడి బాగా తక్కువ.

ఇప్పటికే వంగిన అట్టను పారేయకండి. వెనక వైపు కూడా అదే రకం కాగితం, అదే జిగురుతో అంటించి బరువు పెట్టండి. ముందు వైపు లాగుడుకు వెనక లాగుడు సరితూగి అట్ట చాలావరకు తిన్నగా వస్తుంది.

మడత పెడితే గీత వంకరపోతోంది, అంచు పగులుతోంది

కాగితానికి ఒక వాటం ఉంటుంది, పీచు ఎక్కువగా ఒకే దిశలో పరుచుకుని ఉంటుంది. న్యూస్ పేపర్ చింపి చూడండి: ఒక దిశలో కత్తెరతో కోసినట్టు తిన్నగా వస్తుంది, ఇంకో దిశలో అడ్డదిడ్డంగా పోతుంది. తిన్నగా చిరిగిందే దాని వాటం. మందపాటి చార్టును చింపక్కర్లేదు, మడత పడకుండా రెండు వైపులా వంచి చూస్తే ఏ వైపు తేలిగ్గా వంగుతోందో చేతికి తెలిసిపోతుంది. మడత గీత ఆ వంపుతోపాటు రావాలి. అడ్డంగానే మడవాల్సి వస్తే, ఇంకు అయిపోయిన బాల్ పెన్నుతో స్కేలు పెట్టి గీత నొక్కి, అప్పుడు మడవండి.

కుచ్చిళ్ల చక్రం గుండ్రంగా తిరగడం లేదు, మధ్యలో చిరిగిపోతోంది

ఇది ఎక్కువ మందిని ఏడిపించే సమస్య. చేతిలో లోపమేమీ ఉండదు, పట్టీ పొడవు చాలదు, అంతే.

విసనకర్రలా మడిచిన పట్టీని చక్రంగా విప్పినప్పుడు పట్టీ వెడల్పే చక్రానికి వ్యాసార్ధం అవుతుంది. బయటి అంచు చుట్టుకొలత అంటే వెడల్పుకు 6.28 రెట్లు. 5 సెంటీమీటర్ల పట్టీకి చుట్టుకొలతే 31.4 సెంటీమీటర్లు. మనం తీసుకునే ఏ4 కాగితం పొడవు 29.7. మడతలన్నీ పూర్తిగా సాగదీసినా చుట్టూ చేరదు! బలవంతంగా లాగితే చిరగడం తప్ప దారి లేదు.

అలాంటి పట్టీలు రెండు కలిపి అంటిస్తే 59 సెంటీమీటర్ల దాకా వస్తుంది. అది చాలు, మడతలు నిండుగా నిలబడతాయి. ఇంకా ఒత్తుగా కావాలంటే మూడోది కలపండి. ఒక ఏ4 కాగితం వెడల్పు 21 సెంటీమీటర్లు కాబట్టి దాంట్లో నాలుగు పట్టీలు, అంటే రెండు చక్రాలు వస్తాయి. మధ్యలో పైకి లేచి గొడుగులా అవుతుంటే, అరచేత్తో నొక్కి పట్టి, ముందూ వెనకా చిన్న గుండ్రటి అట్ట బిళ్లలు అంటించి, జిగురు ఆరేదాకా బరువు తీయకండి.

క్రేప్ కాగితం పూలు చదునుగా, ప్రాణం లేనట్టు ఉన్నాయి

క్రేప్ కాగితం ముడతలకు అడ్డంగా లాగితేనే సాగుతుంది. రేకు కత్తిరించేటప్పుడు ముడతల గీతలు రేకు కింది నుంచి పైకి నిలువుగా ఉండాలి. అప్పుడు రెండు బొటనవేళ్లూ రేకు మధ్యలో పెట్టి పక్కలకు మెల్లగా లాగితే గిన్నెలా లోతు వస్తుంది. ఆ లోతుతోనే పువ్వు విచ్చుకున్నట్టు కనిపిస్తుంది. గీతలు అడ్డంగా పడిన రేకులను ఎంత లాగినా ఆ గుంట రాదు. వాటిని పారేయకుండా సన్నగా కోసి పువ్వు మధ్యలో కేసరాలకు వాడుకోండి. తడి తగలనివ్వకండి, చాలా క్రేప్ కాగితాలు రంగు వదులుతాయి, తెల్ల బల్లగుడ్డ మీద పడితే మరక పోదు.

థర్మాకోల్ కరిగిపోతోంది, గాజు మీద జిగురు నిలవట్లేదు

థర్మాకోల్ అంటే పాలీస్టైరీన్. ఘాటు వాసన వచ్చే ద్రావక జిగుర్లూ, చాలా స్ప్రే పెయింట్లూ దాన్ని కరిగించేస్తాయి. ఎక్కువ వేడి గ్లూ గన్ కూడా గుంటలు పెడుతుంది. తెల్ల జిగురుతోనే అంటించండి, ఆరడానికి టైమ్ ఇవ్వండి. రంగుకు అక్రిలిక్ వాడండి. స్ప్రే తప్పదనుకుంటే ముందు తెల్ల జిగురు రెండు పూతలు వేసి పూర్తిగా ఆరాక, ఒక ముక్క మీద పరీక్షించి చూడండి.

గాజు, లోహం నున్నగా ఉండటమే కాదు, వేడిని చప్పున లాగేస్తాయి. గ్లూ గన్ జిగురు అంటుకునేలోపే గట్టిపడి, గోటితో తీస్తే బిళ్లలా వచ్చేస్తుంది. స్పిరిట్‌తో తుడిచి, ఆ చోటును హెయిర్ డ్రయర్‌తో కాస్త వెచ్చజేసి అంటిస్తే పట్టు పెరుగుతుంది. ఎండ తగిలే కిటికీ దగ్గర గ్లూ గన్ జిగురును నమ్ముకోవద్దు, వేడికి మెత్తబడి జారుతుంది.

బెలూన్లు తెల్లారేసరికి వాడిపోతున్నాయి, లేదా ఊరికే పగులుతున్నాయి

రబ్బరు బెలూన్ గోడలో కంటికి కనపడని సందులుంటాయి. హీలియం అందులోంచి త్వరగా జారుకుంటుంది. అడుగు సైజు బెలూన్ సాధారణంగా 12 నుంచి 24 గంటలే తేలుతుంది. మామూలు గాలి నింపితే తేలదు గానీ రోజుల తరబడి ఉంటుంది. గోడకో, స్టాండుకో కట్టే అలంకరణకు హీలియం అవసరమే లేదు.

పగిలేవి ఎక్కువగా గొంతు దాకా బిగించి ఊదినవి. బెలూన్ పియర్ పండు ఆకారంలోకి, అంటే మూతి దగ్గర పొడుగ్గా సాగిందంటే గాలి ఎక్కువైనట్టు. మళ్లీ గుండ్రంగా అయ్యేదాకా కొంచెం వదిలి ముడి వేయండి. 20 డిగ్రీల చల్లదనంలో నింపింది ఎండలో 40 డిగ్రీలకు వేడెక్కితే లోపలి గాలి దాదాపు 7 శాతం పెరగాలని చూస్తుంది, నిండుగా ఉన్న బెలూన్‌కు ఆ చోటు ఉండదు. అన్నీ ఒకే సైజులో రావాలంటే అట్టపెట్టెకు గుండ్రటి కంత కోసి, ప్రతి బెలూన్‌నీ అందులో పట్టి చూడండి. పగిలిన ముక్కలను వెంటనే ఏరేయండి. చిన్నపిల్లలు నోట్లో పెట్టుకుంటే గొంతుకు అడ్డం పడతాయి, ఈ ఒక్క విషయంలో అలసత్వం వద్దు.

లైట్ల దండలో సగం వెలగట్లేదు

పాత రకం చిన్న బల్బుల దండలు వరుసలో కలిపి ఉంటాయి, ఒక బల్బు వదులైతే ఆ భాగమంతా ఆరిపోతుంది. ప్లగ్ తీసేశాక ఒక్కో బల్బునూ నొక్కి చూడండి. బ్యాటరీతో వెలిగేవి మసకబారితే పాత సెల్లూ కొత్త సెల్లూ కలిపి వేశారేమో చూసుకుని, అన్నీ ఒకేసారి మార్చండి. ఎల్‌ఈడీ స్ట్రిప్ మొదట్లో వెలుగ్గా ఉండి చివరికి మసకగా ఉంటే, పొడవు వల్ల దారిలో వోల్టేజి పడిపోతోంది. పొడవు తగ్గించండి, లేదా అదనపు ముక్కకు విడిగా కరెంటు ఇవ్వండి. కత్తిరించేది గీత గుర్తు ఉన్న చోటే.

కాగితపు షేడ్ లోపల ఎల్‌ఈడీ తప్ప వేడెక్కే బల్బు పెట్టకండి. కాగితం పక్కన నిజం కొవ్వొత్తి అసలే వద్దు, బ్యాటరీ కొవ్వొత్తి పెట్టండి.

తీసేటప్పుడు గోడ పెయింట్ లేచిపోతోంది

టేపును గోడ నుంచి మన వైపుకు లాగడం వల్ల ఇలా అవుతుంది. హెయిర్ డ్రయర్‌తో అర నిమిషం వెచ్చజేసి, అంచు లేపి, టేపును వెనక్కి మడిచి గోడకు దగ్గరగా, నిదానంగా లాగండి. చివర పట్టుకోడానికి తోక ఉండి, లాగితే సాగే జిగురు స్ట్రిప్ అయితే ఆ తోకను గోడ వెంబడే తిన్నగా కిందికి సాగదీయాలి.

తీసిన దండను ఉండ చుట్టి సంచిలో వేయకండి. రెండు చివర్లా గాటు పెట్టిన అట్ట ముక్కకు దారం చుట్టి, జెండాలు ఒకదాని మీద ఒకటి పడుకునేలా పెట్టండి. కుచ్చిళ్ల చక్రాలను అట్టపెట్టెలో నిలువుగా పేర్చి, వెలుతురూ తేమా తగలని చోట ఉంచండి. మళ్లీ బయటికి తీసినప్పుడు చిక్కులు విప్పుకునే పని ఉండదు.